అయిదుగురికీ గురి బాగానే ఉంది, అయినా జట్టుగా ఓడిపోతున్నాం: ముందు ఏది సరిదిద్దుకోవాలి?

శేషాచలం_స్కోప్ (తిరుపతి)

అందరికీ నమస్కారం. తిరుపతిలో వేర్వేరు కాలేజీల్లో చదువుతున్న మేం అయిదుగురం కలిసి వాలొరంట్ ఆడుతున్నాం, అయిదుగురికి అయిదుగురు తలపడే కంప్యూటర్ తుపాకుల ఆట. వారాంతాల్లో బాలాజీ కాలనీ దగ్గర ఒక గేమింగ్ సెంటర్‌లో కూర్చుంటాం, మిగతా రోజుల్లో ఎవరి హాస్టల్ నుంచి వాళ్లం ఆడతాం. ముగ్గురం డైమండ్ ర్యాంకులో ఉన్నాం, ఇద్దరు ప్లాటినం. గురికి వంక పెట్టాల్సిన పని లేదు.

అయినా చిత్తూరు నుంచి వచ్చే ఒక జట్టు మమ్మల్ని వరుసగా ఓడిస్తోంది. వాళ్లలో డైమండ్ ఒక్కరే. ఒంటికి ఒంటి ఎదురైతే చాలాసార్లు మేమే గెలుస్తాం. రౌండ్ మాత్రం వాళ్లదే అవుతుంది.

మొన్నటి మ్యాచ్‌లో అసెంట్ పటం మీద జరిగిన ఒక రౌండ్ చెబుతాను. దాడి మాది, అంటే స్పైక్ అనే బాంబు పెట్టే పని మాది. అది పెట్టే చోట్లలో ఒకటైన ఎ సైట్ మీదికి వెళ్లాలని అనుకున్నాం. మా జెట్ (జెట్, సోవా, సేజ్, ఓమెన్, కిల్‌జాయ్ అన్నవి మేం ఆడే పాత్రల పేర్లు) సైట్‌లోకి దారి అయిన ఎ మెయిన్ లోంచి ఒక్క ఉదుటున లోపలికి దూకాడు. జెనరేటర్ పక్కన ఉన్నవాడి మీద రెండు తూటాలు పేల్చేలోపే హెవెన్ అనే ఎత్తైన చోటి నుంచి వచ్చిన దెబ్బకు పడిపోయాడు. కాసేపటికి సోవాతో నేను వెళ్లి నేనూ పడ్డాను. ఆ తర్వాత సేజ్, చివరికి ఓమెన్. మిడ్‌లో, అంటే పటం మధ్యలో, వెనక వైపు కాపలా కాస్తున్న కిల్‌జాయ్ మిగిలేసరికి అవతల నలుగురు ఉన్నారు.

మాటలకు మాత్రం కొదవ లేదు. అయిదుగురమూ హెడ్‌సెట్‌లో ఆపకుండా మాట్లాడుతూనే ఉంటాం. గురి సాధన గురించి సలహాలు వద్దండీ, అది రోజూ చేస్తున్నాం. జట్టుగా ఆడటంలో మొట్టమొదట ఏది సరిదిద్దుకోవాలో చెప్పండి.

---

రేణిగుంట_రైఫిల్

ఆ రౌండ్ రికార్డింగ్ ఉందా? ఉంటే ఒక్క విషయం చూసి చెప్పు తమ్ముడూ. జెట్ పడిపోయిన క్షణంలో మిగతా నలుగురు ఎక్కడెక్కడ ఉన్నారు? తర్వాత ఏం చేశారన్నది వద్దు, ఆ ఒక్క క్షణం చాలు.

---

శేషాచలం_స్కోప్

ఉందన్నా, ఇప్పుడే చూశాను. నేను ఎ మెయిన్‌కు ముందుండే ఎ లాబీలో, శత్రువు జాడ చూపే బాణం వేయడానికి గోడ దగ్గర నిలబడి ఉన్నాను. సేజ్ నా వెనకే ఉంది. ఓమెన్ ఇంకా వెనక, పొగ ఎక్కడ వేయాలో చూస్తున్నాడు. కిల్‌జాయ్ మిడ్‌లో. జెట్ పడిన తర్వాత నేను ఎ మెయిన్ చివరికి చేరడానికి నాలుగైదు సెకన్లు పట్టింది.

---

కట్టమంచి_పాతకాపు (చిత్తూరు)

జవాబు నీ దగ్గరే ఉంది తమ్ముడూ. ఆ నాలుగైదు సెకన్లే మీ ఓటమి.

నేను ఇలాంటిదే పాత ఆట కౌంటర్ స్ట్రైక్ 1.6 కాలం నుంచి ఆడుతున్నాను. ఆట మారింది, తుపాకులు మారాయి, ఇది మాత్రం మారలేదు. ముందు వెళ్లినవాడు చనిపోవడం తప్పు కాదు. అతను ఊరికే చనిపోవడం తప్పు. అతన్ని కొట్టినవాడిని వెంటనే, అంటే ఒకటి రెండు సెకన్లలో, వెనకున్నవాడు కొట్టాలి. దీన్నే ట్రేడ్ అంటాం. అప్పుడు లెక్క నలుగురికి నలుగురు అవుతుంది, పైగా వాళ్ల కాపలాలో ఒక కంత పడుతుంది. దాడి చేసేవాళ్లకు కావలసింది ఆ కంతే. మీ రౌండ్‌లో నలుగురికి అయిదుగురు, ముగ్గురికి అయిదుగురు, ఇలా దిగజారుతూ వచ్చింది. గురి ఎంత బాగున్నా ఆ లెక్కను ఎవరూ ఎదురీదలేరు.

ట్రేడ్ ఎందుకు పనిచేస్తుందో అర్థమైతే మిగతాది దానంతట అదే వస్తుంది. ఒకడు ఒకణ్ణి కొట్టిన మరుక్షణం అతని తుపాకీ గురి ఆ పడినవాడి మీదే ఉంటుంది. తూటాలు కొన్ని అయిపోయి ఉంటాయి, వరుసగా కాల్చినందువల్ల గురి చెదిరి ఉంటుంది, అతను ఎక్కడున్నాడో మనకు తెలిసిపోయి ఉంటుంది. ఆ క్షణంలో అతను బలహీనుడు. రెండు సెకన్లు గడిస్తే మళ్లీ గోడ చాటుకు వెళ్లి, తూటాలు నింపుకుని, కొత్త కోణంలో కూర్చుంటాడు. మీరు నాలుగైదు సెకన్లకు వెళ్తున్నారంటే ప్రతిసారీ కొత్త శత్రువు మీదికి వెళ్తున్నట్టే.

కాబట్టి దూరం చూసుకోండి. రెండోవాడు మొదటివాడికి రెండు మూడు అడుగుల వెనక, కొంచెం పక్కగా ఉండాలి. మరీ అంటుకుని ఉంటే ఒకే గ్రెనేడ్‌కు ఇద్దరూ పోతారు, ఒకే వరుసలో ఉంటే ఒకే జల్లుకు ఇద్దరూ పడతారు.

ఇంకొకటి. ముందు వెళ్లేవాడు గుమ్మంలో ఆగకూడదు. వైకుంఠం క్యూలో గేటు తెరిచాక ముందున్న మనిషి అక్కడే నిలబడిపోతే వెనకున్నవాళ్లెవరూ లోపలికి రాలేరు కదా. ఎ మెయిన్ చివర మీ జెట్ ఆగి కాల్చడం మొదలుపెడితే వెనక ఉన్న ముగ్గురికీ దారీ ఉండదు, చూపూ ఉండదు. అతను పూర్తిగా లోపలికి, ఒక పక్కకు వెళ్లిపోవాలి. శత్రువు అతని వైపు తల తిప్పుతాడు. అప్పుడు రెండోవాడికి శత్రువు పక్క భాగం కనిపిస్తుంది.

మీ జెట్‌ను కొట్టిన పద్ధతి కూడా చూడు. జెనరేటర్ దగ్గర ఒకడు, హెవెన్ మీద ఒకడు. ఎ మెయిన్ లోంచి వచ్చేవాడు ఒకేసారి ఇద్దరి వైపూ గురి పెట్టలేడు. ఒకడి వైపు తిరిగితే రెండోవాడికి దొరికిపోతాడు. అది అదృష్టం కాదు, కూర్చుని మాట్లాడుకుని పెట్టుకున్న కాపలా.

---

పొగమంచు (తిరుపతి)

పాతకాపు గారు చెప్పినది అక్షరాలా నిజం. నేను పొగ వేసే కంట్రోలర్ పాత్రలే ఆడతాను కాబట్టి నాకు మొదట కనిపించింది ఇంకొకటి. జెట్ దూకే సమయానికి మీ ఓమెన్ పొగ ఎక్కడ వేయాలో ఇంకా చూస్తున్నాడు! అంటే పొగ లేకుండానే మనిషి లోపలికి వెళ్లాడు.

అసెంట్‌లో ఎ సైట్ మీదికి వెళ్లేటప్పుడు ముందు పొగ పడాల్సిన చోట్లు రెండు. ఒకటి హెవెన్, అంటే పటంలో రాఫ్టర్స్ అని ఉండేది. రెండోది ట్రీ అనే చోటి వైపు దారి. ఈ రెండూ మూసుకుపోతే మీ జెట్ ఎదుర్కోవాల్సింది సైట్ లోపల ఉన్నవాళ్లను మాత్రమే. హెవెన్ మీద ఉన్నవాడు పొగలోంచి దిగి రావాలి, లేదా గుడ్డిగా కాల్చాలి. పాతకాపు గారు చెప్పిన జంట కాపలాలో ఒక కన్ను మూసేసినట్టే.

ఓమెన్ పొగ నిలిచేది 15 సెకన్లు. బ్రిమ్‌స్టోన్ అనే మరో పాత్ర పొగ ఇంకొంచెం ఎక్కువ, 19 సెకన్ల పైన. ఈ 15 సెకన్లలోనే అందరూ లోపలికి చేరాలి, మూలలు చూడాలి, స్పైక్ పెట్టాలి. స్పైక్ పెట్టడానికే 4 సెకన్లు పోతాయి. మిగిలేది 11. పొగ పడ్డాక కూడా ఎ లాబీలో నిలబడి "వెళ్దామా, ఆగుదామా" అని అడుగుతూ ఉంటే మన పొగ మన చేతుల్లోనే కరిగిపోతుంది. ఆ తర్వాత ఓమెన్‌కు కొత్త పొగ నిండడానికి సమయం పడుతుంది.

అందుకే మా జట్టులో పొగ వేసే మనిషే అంకెలు లెక్కపెడుతుంది. పొగలు రెండూ దిగాక నేను "మూడు, రెండు, ఒకటి" అంటాను. ఒకటికి సోవా బాణం తగులుతుంది, ఆ చప్పుడు వినగానే ముందు దూకే డ్యూయలిస్ట్ కదులుతుంది. బాణం చూపించిన శత్రువు దాన్ని పగలగొట్టాలా, మన మనిషిని కాల్చాలా అని తేల్చుకునేలోపే మన మనిషి అతని మీద ఉంటుంది. ఒక్కో సామర్థ్యాన్ని వేర్వేరు సమయాల్లో వాడితే శత్రువు వాటికి ఒక్కొక్కటిగా జవాబు చెబుతాడు. ఒకే క్షణంలో వాడితే అతనికి చేతులు చాలవు. జట్టుగా ఆడటమంటే నాకు తెలిసినంతలో ఇదే. మంచి పనులు ఒకే సెకనులో చేయడం.

---

రేణిగుంట_రైఫిల్

ఓమెన్ పొగ వేసే స్థానం కూడా మార్చండి. ఎక్కడో వెనక నిలబడి వేస్తే తర్వాత పరుగెత్తి రావాలి, అంటే దాడిలో ఒక తుపాకీ తగ్గినట్టే. అతను మూడో స్థానంలో నడుస్తూ, ఎ లాబీలోనే ఆగి వేయాలి.

---

కాణిపాకం_కార్నర్ (చిత్తూరు)

నమస్కారం. శేషాచలం_స్కోప్ చెబుతున్న చిత్తూరు జట్టు మాదే. ఆ రౌండ్‌లో హెవెన్ మీద ఉన్నది నేనే. మంచి ఆటగాళ్లు అడుగుతున్నారు కాబట్టి మనస్ఫూర్తిగా చెబుతాను, దాచుకోవాల్సింది ఏమీ లేదు. ఎదుటి జట్టు బలపడితేనే మాకూ సాధన.

మీ మీద ఆడేటప్పుడు మేం అనుకునేది ఒకటే. మొదటివాడు వచ్చాక రెండోవాడికి సమయం ఉంటుంది. అందుకే జెనరేటర్ దగ్గరివాడు కాల్చి వెంటనే దాక్కుంటాడు, నేను కొడతాను, నేనూ తప్పుకుంటాను. మీ రెండోవాడు వచ్చేసరికి మేమిద్దరం స్థానాలు మార్చేసి ఉంటాం.

కానీ ఇక్కడ అందరూ చెబుతున్నదానితో నేను పూర్తిగా ఏకీభవించను. పొగ, బాణం, దూరం అన్నీ సరే. మీ అసలు లోపం నాయకుడు లేకపోవడం. అయిదుగురు మాట్లాడుతున్నారంటే ఎవరూ నడిపించడం లేదని అర్థం. మా జట్టులో రౌండ్ మొదలయ్యాక నిర్ణయం చెప్పే గొంతు ఒక్కటే. అది తప్పైనా అయిదుగురం పాటిస్తాం. తప్పు నిర్ణయాన్ని అయిదుగురు కలిసి చేస్తే గెలిచే అవకాశం కొంతైనా ఉంటుంది. సరైన నిర్ణయాన్ని ఇద్దరే చేస్తే అదీ ఉండదు.

---

పొగమంచు

కార్నర్ గారూ, రౌండ్‌కు ముందు ఒక్క గొంతు ఉండాలన్నది ఒప్పుకుంటాను. రౌండ్ మధ్యలో కూడా ప్రతి అడుగూ ఒకరే చెప్పాలంటే మాత్రం ఒప్పుకోలేను. మీరు హెవెన్ మీద ఉన్నప్పుడు బి సైట్‌లో ఏం జరుగుతోందో మీకు కనిపించదు. అక్కడున్న మనిషి మిమ్మల్ని అడిగి, మీరు ఆలోచించి, జవాబు చెప్పేలోపు ఆ రౌండ్ అయిపోతుంది. పైగా నాయకుడే మొదట పడిపోతే? మిగతా నలుగురికి సొంతంగా ఆలోచించే అలవాటు లేకపోతే అక్కడితో సరి.

---

కాణిపాకం_కార్నర్

పడిపోయినా చెప్పవచ్చు కదండీ. చనిపోయినవాడు సహచరుల తెరలు చూడగలడు.

---

పొగమంచు

చూడగలడు, అందుకే మరీ ప్రమాదం. నా చెవిలో అడుగుల చప్పుడు వినిపించాల్సిన సమయంలో అతని గొంతు వినిపిస్తుంది. ఒక్కరే మిగిలినప్పుడు "ఎడమ, ఎడమ, స్పైక్ దగ్గరికి వెళ్లు" అని నలుగురు అరిస్తే ఎవరూ గెలవలేరు. పడిపోయిన మనిషి తనను కొట్టినవారు ఎక్కడున్నారో, ఎంత దెబ్బ తగిలిందో ఒక్క వాక్యంలో చెప్పి నోరు మూసుకోవాలి. ఈ నియమం మీద నేను ఎవరితోనూ రాజీ పడను.

---

కట్టమంచి_పాతకాపు

ఇద్దరూ చెబుతున్నది నిజమే. రెండింటికీ మధ్య ఒక గీత ఉంది, దాన్ని పెద్ద జట్లు ఎక్కడ గీశాయో చూడండి.

కౌంటర్ స్ట్రైక్ పోటీల్లో ఒకప్పుడు కోచ్ వెనక నిలబడి రౌండ్ మొత్తం చెబుతూ ఉండేవాడు. 2016 ఆగస్టులో ఆ ఆటను నడిపే వాల్వ్ సంస్థ దాన్ని మార్చి, తన మేజర్ పోటీల్లో, అంటే ఆ ఆటలో అన్నిటికంటే పెద్ద పోటీల్లో, విరామ సమయాల్లోనే కోచ్ మాట్లాడాలని నియమం పెట్టింది. అప్పుడు కోచ్ గొంతు మీదే నడుస్తున్న జట్లు ఇబ్బంది పడ్డాయి. తర్వాతి కాలాన్ని ఏలింది డెన్మార్క్ జట్టు ఆస్ట్రాలిస్. 2017లో అట్లాంటా, 2018లో లండన్, 2019లో కటోవీట్సే, మళ్లీ బెర్లిన్, ఇలా నాలుగు మేజర్ టైటిళ్లు గెలిచారు. వాళ్లకు గ్లేవ్ అనే నాయకుడు ఉన్నాడు. అయినా వాళ్ల గొప్పతనం అతని అరుపుల్లో లేదు. ఏ పరిస్థితిలో ఎవరు ఏ గ్రెనేడ్ ఎక్కడ వేయాలో ముందే తెలిసి ఉండటంలో ఉంది. ఆట మధ్యలో చెప్పాల్సిన మాటలు చాలావరకు సాధనలోనే చెప్పేసుకున్నారు.

కాబట్టి పథకం ఒకరు చెప్పాలి. సమాచారం ఎవరికి కనిపిస్తే వాళ్లు చెప్పాలి. పథకం చెదిరినప్పుడు శత్రువుకు దగ్గరగా ఉన్నవాడి మాట చెల్లాలి.

మాటల గురించి వచ్చింది కాబట్టి మా రోజుల సంగతి చెబుతాను. చిత్తూరు గాంధీ రోడ్డు వైపు ఇంటర్నెట్ సెంటర్లలో 1.6 ఆడేటప్పుడు రెండు జట్లూ ఒకే గదిలో కూర్చునేవి. మైకులు లేవు. జెడ్, ఎక్స్, సి మీటలు నొక్కితే వచ్చే రేడియో సందేశాలు తప్ప మిగతాదంతా నోటితో అరవడమే. మనం "లాంగ్‌లో ఇద్దరు" అంటే పక్క వరుసలో ఉన్న ఆ ఇద్దరికీ వినిపిస్తుంది! అందుకని మేం డస్ట్ 2 పటం మొత్తానికి చిత్తూరు పేర్లు పెట్టుకున్నాం. లాంగ్ అంటే గాంధీ రోడ్డు, టన్నెల్ అంటే గిరింపేట, బి సైట్ అంటే కట్టమంచి, ఎ సైట్ అంటే మిట్టూరు. "గిరింపేట నుంచి కట్టమంచికి ముగ్గురు" అని మావాడు అంటే అవతలివాళ్లకు అర్థమయ్యేలోపు నేను చేరుకునేవాణ్ణి. ప్రతి చోటుకూ ఒక్కటే పేరు, దాన్ని అయిదుగురం ఒకేలా పలకాలన్నది అప్పుడు పడ్డ అలవాటు.

---

రేణిగుంట_రైఫిల్

పేర్ల విషయం చిన్నదిగా కనిపిస్తుంది కానీ మన ప్రాంతంలో చాలా ముఖ్యం. మా జట్టులో ఇద్దరిది తెలుగు, ఇద్దరిది ఇంట్లో తమిళం, ఒకరిది కన్నడం. ముంబై సర్వర్‌లో కొత్తవాళ్లతో కలిస్తే హిందీ వస్తుంది. వాలొరంట్‌లో మనం నిలబడ్డ చోటు పేరు చిన్న పటం దగ్గరే కనిపిస్తుంది కాబట్టి ఆ పేర్లే వాడాలని తేల్చుకున్నాం. వాటికి అదనంగా అయిదారు మాటలు మాత్రమే మావి.

2022లో ఆంట్వెర్ప్ మేజర్ గెలిచిన ఫేజ్ క్లాన్ అనే కౌంటర్ స్ట్రైక్ జట్టులో అయిదుగురూ అయిదు దేశాలవాళ్లు: డెన్మార్క్, నార్వే, కెనడా, ఎస్టోనియా, లాత్వియా. వాళ్లు ఒకే భాషలో కుదురుకున్నారంటే మనకు మూడు భాషలు అడ్డం కాకూడదు.

మేం పాటించే వరుస ఇది. ముందు చోటు, తర్వాత ఎంతమంది, ఆ తర్వాత దెబ్బ. "ఎ మెయిన్, ఇద్దరు, జెట్‌కు 120." అంతే. "అయ్యో, వాడు ఎలా కొట్టాడు" అన్న మాట రౌండ్ అయ్యాక అనుకోవచ్చు.

---

తిరుచానూరు_స్క్వాడ్

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మేం ఫోనులో బీజీఎంఐ (చాలా జట్లు ఒకే పటంలో తలపడే తుపాకుల ఆట) ఆడతాం, మాది నలుగురి జట్టు. ఈ ట్రేడ్ పద్ధతి మాకూ పనికొస్తుందా?

---

రేణిగుంట_రైఫిల్

తప్పకుండా, కాకపోతే ఒక తేడా ఉంది. మీ ఆటలో దెబ్బతిన్నవాడు వెంటనే చనిపోడు, నేల మీద పాకుతాడు, తోటివాళ్లు లేపవచ్చు. అందుకని కొట్టినవాడిని తిరిగి కొట్టడమా, మనవాడిని లేపడమా అన్న నిర్ణయం ముందుంటుంది. ఎక్కువసార్లు ముందు కొట్టడమే మంచిది. లేపేటప్పుడు కనీసం రెండు పొగ గ్రెనేడ్లు వేయండి, ఒక్కటే వేస్తే శత్రువు ఆ పొగ మధ్యలోకే కాలుస్తాడు. ఇంకో సంగతి, మీ పోరాటం చప్పుడు విని మూడో జట్టు వస్తుంది. కాబట్టి నలుగురిలో ఒకరు ఎప్పుడూ వెనక్కి చూస్తూ ఉండాలి. మిగతా సందేహాలకు వేరే చర్చ మొదలుపెడితే బాగుంటుంది, అక్కడ వివరంగా రాస్తాను.

---

నాలుగో_నంబరు (తిరుపతి)

ఇంతసేపూ ఎవరూ డబ్బు మాట ఎత్తలేదు. నాకు ఆశ్చర్యంగా ఉంది. జట్టు విడిపోయేది సైట్ మీద కాదు, రౌండ్‌కు ముందు కొనుగోలు తెర దగ్గర.

వాలొరంట్‌లో మొదటి రౌండ్‌కు అందరికీ 800 క్రెడిట్లు, అంటే తుపాకులు కొనుక్కునే ఆట డబ్బు. అది ఓడిపోతే 1900 వస్తాయి. వరుసగా రెండోదీ ఓడితే 2400, మూడోదీ ఓడితే 2900. గెలిస్తే 3000. వాండల్ అనే రైఫిల్ ఖరీదు 2900, పెద్ద కవచం 1000, మొత్తం 3900.

ఇప్పుడు పిస్తోలు రౌండ్, అంటే ఆ మొదటి రౌండ్, ఓడిపోయి, చేతిలో మిగిలింది ఏమీ లేదనుకుందాం. 1900 వచ్చాయి. రెండో రౌండ్‌లో అవి ఖర్చు పెట్టి ఓడితే మూడో రౌండ్‌కు 2400. వాండల్ కూడా రాదు. అలా కాకుండా రెండో రౌండ్‌లో ఏమీ కొనకుండా ఆడి ఓడితే 1900కి 2400 కలిసి 4300. వాండల్, పెద్ద కవచం కొన్నాక కూడా 400 మిగులుతాయి. ఎవరినైనా కొట్టి ఉంటే తలకు 200 చొప్పున, దాడి వైపు ఉండి స్పైక్ పెట్టగలిగితే జట్టులో ప్రతి ఒక్కరికీ 300 చొప్పున అదనం.

అసలు నష్టం ఎక్కడ వస్తుందంటే, ముగ్గురు కొని ఇద్దరు దాచుకున్నప్పుడు. ఆ రౌండ్‌లో ముగ్గురే సరైన తుపాకులతో ఉంటారు, ఓడిపోతారు. తర్వాతి రౌండ్‌లో ఆ ముగ్గురికీ డబ్బు ఉండదు, ఈ ఇద్దరే ఉంటారు. అంటే రెండు రౌండ్లు సగం జట్టుతో ఆడినట్టు. శేషాచలం_స్కోప్, మీ మ్యాచ్‌లో ఇది ఎన్నిసార్లు జరిగిందో రికార్డింగ్‌లో చూడండి. మీ జెట్ ప్రతి రౌండ్‌లోనూ కొంటున్నాడని నా అనుమానం. గురి బాగా ఉన్నవాళ్లకు తుపాకీ లేకుండా ఆడటం అవమానంగా అనిపిస్తుంది.

కొనుగోలు తెరలోనే వచ్చే రౌండ్‌కు కనీసం ఎంత ఉంటుందో కనిపిస్తుంది. కొనే సమయం 30 సెకన్లు. నాయకుడు మొదటి అయిదు సెకన్లలో "కొందాం" లేదా "దాచుదాం" అని చెప్పేయాలి. ఎక్కువ ఉన్నవాళ్లు తక్కువ ఉన్నవాళ్లకు తుపాకీ కొనివ్వాలి. 9000 దాటి ఎలాగూ దాచలేరు. నా దగ్గర 7000 ఉండి, పక్కవాడు పిస్తోలుతో వస్తున్నాడంటే ఆ డబ్బు ఎవరికీ లేనట్టే.

---

శేషాచలం_స్కోప్

మీ అనుమానం నిజమే అన్నా. మా జెట్ ఈ చర్చ చదువుతున్నాడు, పక్కనే కూర్చున్నాడు. ఇకనుంచి నేను చెప్పకుండా కొననని మాట ఇచ్చాడు.

ఇంకో సందేహం. మేం కాపలా వైపు ఉన్నప్పుడు స్పైక్ పెట్టేశాక సైట్‌ను తిరిగి తీసుకోవడం మాకు అసలు చేతకావడం లేదు. దూరంగా ఉన్నవాళ్లం పరుగెత్తి వచ్చేసరికి అక్కడ ఉన్నవాళ్లు పడిపోయి ఉంటారు. మేమూ వచ్చినవాళ్లం వచ్చినట్టే పడిపోతున్నాం.

---

రేణిగుంట_రైఫిల్

ఇది నాకు చాలా ఇష్టమైన భాగం, కొంచెం వివరంగా రాస్తాను.

స్పైక్ పెట్టాక పేలడానికి 45 సెకన్లు. తీసేయడానికి 7 సెకన్లు. కాబట్టి తీయడం మొదలుపెట్టడానికి మనకు 38 సెకన్లు ఉన్నాయి. కంగారులో ఈ 38 సెకన్లు ఉన్నాయని ఎవరికీ గుర్తుండదు. అసెంట్‌లో బి నుంచి ఎ వైపుకు రావడానికి పట్టే సమయం అందులో కొంతే. అంటే ఆగి, కూడుకుని, కలిసి వెళ్లడానికి వ్యవధి ఉంది. మొదట చేరినవాడు లోపలికి వెళ్లకూడదు. బయట నిలబడి మిగతావాళ్ల కోసం చూడాలి. సైట్‌లో ఇంకా మనవాడు బతికి ఉంటే అతనూ పోరాటం మానుకుని, వెనక్కి తగ్గి, బతికి ఉండాలి. ఇద్దరు మిగిలి పక్కపక్కనే ఉండటం ముగ్గురు చెల్లాచెదురుగా ఉండటం కంటే మేలు.

స్పైక్‌ను సగం వరకు, అంటే 3.5 సెకన్లు తీసి వదిలేసినా ఆ సగం అలాగే ఉంటుంది. తర్వాత మిగతా సగం తీస్తే చాలు. అందువల్ల ఒకరు తీస్తున్నట్టు చప్పుడు చేస్తే దాక్కున్న శత్రువు బయటికి రాక తప్పదు. అతను తొంగిచూసే చోట మనవాడు ముందే గురిపెట్టి ఉండాలి. ఇక్కడా పాతకాపు గారు చెప్పిన ట్రేడ్ సూత్రమే, కాకపోతే ఎర వేసి మరీ చేస్తున్నాం.

రెండు వైపుల నుంచి ఒకేసారి వెళ్లండి. ఎ సైట్ అయితే ఇద్దరు హెవెన్ నుంచి, ఒకరు ట్రీ నుంచి. దాడి చేసినవాళ్లు సాధారణంగా ఎ మెయిన్ వైపు వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి స్పైక్‌ను చూస్తూ ఉంటారు. ఆ దారికి అడ్డంగా మీ పొగ ఒకటి దాచి ఉంచాలి. రౌండ్ మొదట్లోనే పొగలన్నీ ఖర్చు చేసే కంట్రోలర్ తిరిగి తీసుకునేటప్పుడు ఉత్త చేతులతో నిలబడాలి.

అసలు అందరూ అంత దూరంలో ఎందుకున్నారన్నది కూడా చూసుకోండి. ఒక వైపు చప్పుడు కాగానే ముగ్గురు అటు పరుగెత్తితే అవతలివాళ్లు నెమ్మదిగా రెండో వైపు వెళ్తారు. స్పైక్ కంటికి కనిపించేవరకు, లేదా ముగ్గురు నలుగురు ఉన్నట్టు స్పష్టంగా తెలిసేవరకు ఒక్కరే కదలాలి. హేవెన్ అనే వేరే పటంలో మూడు సైట్లు ఉంటాయి కాబట్టి అక్కడ ఈ నియమం ఇంకా గట్టిగా పాటించాలి.

---

కాణిపాకం_కార్నర్

శేషాచలం జట్టు మీద మేం ఎక్కువగా వాడేది సరిగ్గా అదే. ఇద్దరం బి మెయిన్‌లో కళ్లు కనిపించకుండా చేసే ఫ్లాష్‌లు రెండు వేసి కాల్పులు జరుపుతాం, ముగ్గురు ఎ మెయిన్‌లో చప్పుడు లేకుండా నిలబడి ఉంటారు. మీవాళ్లు ఎ వదిలి వెళ్లిన అడుగుల చప్పుడు వినిపించగానే మా ముగ్గురూ కదులుతారు. రేణిగుంట అన్న చెప్పినట్టు ఎ లో ఒక్కరు కదలకుండా ఉంటే మాకు చాలా కష్టం.

---

నాలుగో_నంబరు

ఒక మనవి. మ్యాచ్ అయ్యాక ఫలితాల పట్టికలో అయిదో స్థానంలో ఉన్నవారి మీద విరుచుకుపడకండి. పడిపోయాక మీ సేజ్ మళ్లీ బతికించిన మనిషి చేసిన హత్యలు ఆమె లెక్కలో పడవు. కిల్‌జాయ్ మిడ్‌లో నిలబడినందువల్ల వెనక నుంచి ఎవరూ రాలేదన్న సంగతి ఏ పట్టికలోనూ ఉండదు. నేను చాలాకాలంగా సెంటినెల్, అంటే కాపలా కాసే పాత్ర, ఆడుతున్నాను, ఈ మాట మనసు నొచ్చుకునే రాస్తున్నాను. మంచి జట్లు చెదిరిపోవడం చూశాను, చాలావరకు ఈ కారణం మీదే.

---

శేషాచలం_స్కోప్

అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసినవన్నీ ఒకేసారి మొదలుపెట్టకుండా రెండే తీసుకున్నాం. ఖాళీ కస్టమ్ గదిలో, అంటే మేం మాత్రమే ఉండే సాధన ఆటలో, ఎ మెయిన్ నుంచి సైట్ లోపలికి వెళ్లడం, కొనుగోలు మాట ఒక్కరే చెప్పడం.

మొదట నలుగురం ఒకరి మీద ఒకరం పడ్డాం. దూరం ఎంత ఉండాలో చెబితే అర్థం కాలేదు, చేస్తే అర్థమైంది. జెట్ లోపలికి వెళ్లి ఎడమ పక్కకు తప్పుకోగానే నేను జెనరేటర్ కుడి పక్కన ఉన్నాను, నా భుజం మీదుగా సేజ్ హెవెన్ వైపు చూస్తోంది. పొగ ఇంకా నిలిచి ఉండగానే స్పైక్ పెట్టడం మొదలుపెట్టగలిగాం. ఓమెన్ అంకెలు లెక్కపెడుతుంటే హెడ్‌సెట్‌లో ఇంకెవరి గొంతూ లేదు. అంత నిశ్శబ్దంగా మేం ఎప్పుడూ ఆడలేదు.

నిన్న కార్నర్ గారి జట్టుతో ఆడాం. 13-11తో వాళ్లే గెలిచారు. మొదటి సగంలో మేం 7-5తో ముందున్నాం.

---

కాణిపాకం_కార్నర్

ఆ మొదటి సగంలో మాకు ఊపిరి ఆడలేదు. నేను హెవెన్ మీద పొగలో నిలబడి ఏమీ చూడలేక దిగివచ్చాను, దిగిన ప్రతిసారీ సేజ్ ఎదురుచూస్తోంది. ఆమెకు నా అభినందనలు చెప్పండి.

రెండో సగంలో మీరు తడబడింది ఒక్క చోటే. మేం మిడ్ తీసుకుని క్యాట్‌వాక్ అనే దారి మీదుగా ట్రీ వైపు వస్తున్నామని మీ కిల్‌జాయ్ రెండుసార్లు స్పష్టంగా చెప్పింది. మా జట్టు అక్కడే కూర్చుని ఉంది కాబట్టి వినిపించింది! ఎవరూ ఆమెకు తోడు రాలేదు.

---

పొగమంచు

మిడ్‌లో కిల్‌జాయ్‌ను ఒంటరిగా ఉంచవద్దు. తనంతట తానే కాల్చే ఆమె టరెట్ బి వైపు వదిలేసి, ఆమెను మార్కెట్ తలుపు దగ్గరికి తెచ్చి, సోవాను క్యాట్‌వాక్ చూసేలా పెట్టండి. మిడ్‌లోకి వచ్చినవాడు ఇద్దరిలో ఒకరికి వీపు చూపించాల్సి వస్తుంది. ఓమెన్ పొగ ఒకటి మిడ్ కోసమే ఉంచుకోండి.

---

శేషాచలం_స్కోప్

ఈ వారం సాధన అదే అక్కా. కార్నర్ గారూ, వచ్చే ఆదివారం మేమే చిత్తూరు వస్తాం. అయిదు కంప్యూటర్లు పక్కపక్కన దొరికే సెంటర్ ఉంటే చెప్పండి, మీ జట్టుకు వేరే గది ఉంటే ఇంకా మంచిది.

---

కాణిపాకం_కార్నర్

ఉంది, రెండు గదులూ ఉన్నాయి. ఉదయం పదింటికి రండి, మధ్యాహ్నం కరెంటు పోయినా జెనరేటర్ ఉంది. మొదటి పటం హేవెన్ పెడదాం.